డోన్యా గారి ఇటలీ పాలరాయి

1926. ఉదయం ఆరూ నలభై. ఫిలిప్పీన్స్‌లో, ఇలోయిలో నగరం పక్కన ఉన్న హారోలో, ముఖభాగం కొత్తగా కడుతున్న మేడ ముందు ఆర్కిటెక్ట్ ప్రుదెన్సియో శవం. తల పగిలింది. పక్కనే, స్తంభం నెత్తిన కూర్చోవాల్సిన ఆకుల కిరీటం. నిన్న సాయంత్రం దాన్ని పైకి లాగి కట్టిన మోకు తెగి వేలాడుతోంది.

అమెరికాలో చదివొచ్చిన ప్రుదెన్సియో ఆ ఇంటికి గ్రీకు గుడి ముఖం పెట్టాడు. స్తంభాలు ఇటలీ పాలరాయని యజమానురాలు డోన్యా ఎస్కొలాస్తికా ఊరందరికీ చెప్పుకుంది. అడగనివాళ్ళకి రెండుసార్లు.

కానిస్టేబ్యులరీ లెఫ్టినెంట్ తుపాస్ వచ్చేసరికే దోషి సిద్ధం. ఆ కిరీటాలు చెక్కే కాసియానో. చేతులు కట్టేసి ఉన్నాయి.

"మోకు కోసింది వీడే," అన్నాడు, ఎప్పుడూ చేతిలో ఉండే చేతికర్ర లేకుండా వచ్చిన డోన్యా కొడుకు హసింతో. "నిన్న ఆర్కిటెక్టు మీదికి ఉలి ఎత్తాడు. వీడికి ఉరే."

"మోకు తెగినప్పుడు మీరెక్కడున్నారు?"

"మేడ మీద. తెల్లారి ఐదున్నరకి రాయి దభేల్మంది. ఇల్లంతా అదిరింది. కిటికీ అద్దాలు గలగల్లాడాయి."

"రాయా?"

"కాక బొప్పాయా?"

తుపాస్ కాసియానో వైపు తిరిగాడు. "నువ్వేమంటావ్?"

"ఏం లేదు సార్. నోరు విప్పనని కొమాద్రేకి మాటిచ్చా."

"దేని గురించి?"

"అదీ చెప్పకూడదు."

"ఉరి తీస్తారురా!"

కాసియానో తల దించుకున్నాడు. కొమాద్రే అంటే అతని కూతురి జ్ఞానస్నానానికి తల్లిగా నిలబడ్డ డోన్యాయే. ఆవిడ విసనకర్ర ఊపుకుంటూ మబ్బులు చూస్తోంది.

తుపాస్ వంగాడు. కిరీటాన్ని ఒంటిచేత్తో ఎత్తి, అన్నం గిన్నెలా చంకలో పెట్టుకున్నాడు.

హసింతో నోరు తెరిచాడు. మూయడం మర్చిపోయాడు.

"లోపలంతా డొల్ల," అన్నాడు తుపాస్. "తేలిక కర్ర. పాలరాయి చారలు ఈకతో దిద్దిన రంగు. ఇది మీద పడితే బొప్పి కడుతుంది, అంతే. చెక్కినవాడికి ఆ సంగతి తెలుసు. కూలీలందరికీ తెలుసు. రాయని నమ్మినవాడే మనిషిని ముందు కొట్టి చంపి, తర్వాత మోకు కోశాడు. అద్దాలు గలగల్లాడింది కూడా వాడి చెవుల్లోనే. మీ చేతికర్ర ఏది, డాన్ హసింతో?"

కానిస్టేబుల్ మేడ మీంచి తెచ్చాడు. వెండి పిడి సందుల్లో నెత్తురు, వెంట్రుకలు.

"ఆ ఆర్కిటెక్టు వడ్రంగి కొడుకు! వాడికి నా చెల్లెలు కావాలా?" అని అరిచాడు హసింతో. బేడీలు పడ్డాక తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, ఇది కర్రా? నాకైనా చెప్పొద్దా?"

"నీ నోట్లో ఏం ఆగి చచ్చింది గనక!"

"మీకు మొదట్నుంచీ తెలుసు," అన్నాడు తుపాస్. "ఒక్క మాట చెప్తే ఇతన్ని కట్టేసేవాళ్ళు కాదు."

"వీధిలో జనం ఉన్నారు లెఫ్టినెంట్. దాన్ని కింద పెట్టండి. రెండు చేతుల్తో." ఆవిడ కట్లు విప్పించుకుంటున్న కాసియానోని చూసింది. "ఆకు విరిగి కర్ర బయటపడింది. పూత వేసి పో."

కాసియానో మణికట్లు రుద్దుకున్నాడు. రంగు డబ్బా దాటుకుని గేటు దాకా నడిచాడు. బయట ఊరు ఊరంతా ఉంది.

"ఆరు స్తంభాలూ కర్రేనండీ," అన్నాడు గట్టిగా. "కావాలంటే కొట్టి చూడండి."