ఐలవ్వ గడప

"గీ ఐతారం అత్తను తీస్కపోయి మీ చిన్నబాపు అంతయ్య ఇంట్ల దింపొస్త. ఇగ నాతోని కాదు," అన్నాడు రాజం, అన్నం సగంలో వదిలి చెయ్యి కడుక్కుంటూ.

నర్మద చేతిలోని చెంబు అలాగే ఉండిపోయింది. మూలన కూర్చున్న తల్లి ఐలవ్వ, మాట తన గురించేనని తెలియక, చీర కొంగును మడుస్తూ, విప్పుతూ, మళ్లీ మడుస్తోంది. అవ్వకు ఈ మాట అర్థమైతే బాగుండునా, కాకపోవడమే నయమా... నర్మదకు తేలలేదు.

రాజం చెడ్డవాడు కాదు. అల్లుడింట్లో అత్త ఏమిటని చుట్టాలు ముక్కున వేలేసుకున్నా, మామ పోయిననాడు ఐలవ్వను మందమర్రికి వెంటబెట్టుకొచ్చినవాడు అతనే. కాని ఆ పొద్దున ఐలవ్వ మళ్లీ అదే క్వార్టర్ల లైనులోని చంద్రవ్వ ఇంట్లోకి పోయింది. మండుతున్న పొయ్యిలో బిందెడు నీళ్లు కుమ్మరించి, "నా ఇంట్ల నీకేం పనే?" అంటూ చంద్రవ్వనే బయటికి నెట్టబోయింది. చంద్రవ్వ వాకిట్లో నిలబడి, "పిచ్చిదాన్ని కట్టేసుకోరాదు" అని లైనంతా వినేలా అరిచింది. దాంతో ఆ రెండిళ్ల మధ్య మాటలు ఆగిపోయాయి.

నిజానికి ఆ పొరపాటు ఐలవ్వ ఒక్కదానిదే అనడానికి లేదు. ఆ గని క్వార్టర్లు గీసిన ఇంజినీరెవరో గాని, ఒక్క ఇల్లు గీసి అలసిపోయి మిగతావన్నీ దానిమీదే అచ్చు గుద్దించినట్టున్నాడు. అదే నీలం తలుపు, అదే గడప, లోపలికి పోగానే ఎడమచేతి వైపు అదే పొయ్యి గద్దె. కల్లు తాగొచ్చిన మగవాళ్లు పక్కింట్లో దూరి తిట్లు తిన్న కథలు ఆ లైనులో కావలసినన్ని ఉన్నాయి. వాళ్లు చేస్తే నవ్వులాట, ఐలవ్వ చేస్తే పిచ్చి!

"జర ఆలోచన చెయ్యి. ముసలి పానం..." అంది నర్మద.

"చేసిన. రేపు ఆమె బొగ్గు బండ్ల పట్టాల మీదికి పోతె? నేను బొగ్గుబాయిల దిగి ఉంట. పైన ఏమైతుందో అని ఫికర్ చేసుకుంట లోపల పని చేస్తె, నా పానం నాకు దక్కుతదా?"

అంతయ్య ఇల్లు నర్మద ఎరగనిది కాదు. కన్నతల్లినే చివరి దినాల్లో గొడ్ల కొట్టంలో పడుకోబెట్టిన మనిషి, వదినను నట్టింట కూర్చోబెడతాడా?

ఐలవ్వకు ఈ మతిమరుపు ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేరు. మొదట కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. అందరూ నవ్వారు. తర్వాత పేర్లు పోయాయి, తర్వాత పొద్దూ మాపూ తారుమారయ్యాయి. దవాఖానలో డాక్టరు, ముసలితనమే రోగం, దీనికి మందు లేదన్నాడు. తాయెత్తు కట్టించారు, దిష్టి తీయించారు. ఇప్పుడు ఒక్కోసారి కన్నబిడ్డ ముఖంలోకే చూసి, "ఎవలు బిడ్డా నువ్వు?" అంటుంది. ఆ మాట విన్న ప్రతిసారీ నర్మదకు పొయ్యి ముందుకు పోయి పొగ వంకతో ఏడవడం అలవాటైపోయింది.

రాజం మాటలు మనసులో తిరుగుతుండగానే నర్మదకు ఒక ఉపాయం తోచింది. ఊళ్లో ఉన్నప్పుడు అవ్వ వేసే ముగ్గు ఒకటుండేది. నడుమ తామర, అటూ ఇటూ చిలుకలు, చుట్టూ ఎర్రమన్ను అంచు. దాన్ని ఊరంతా ఐలవ్వ ముగ్గనే అనేది. మర్నాడు నర్మద వాకిట్లో పేడనీళ్ల సానుపు చల్లి, గడప ముందు ఆ ముగ్గే వేసింది. నల్లా దగ్గర్నుంచి వస్తున్న ఐలవ్వ నాలుగిళ్లు దాటి, దాని ముందు టక్కున ఆగింది. వంగి చూసింది. "గిది మా ఇల్లు," అంటూ లోపలికి పోయి కూర్చుంది.

నర్మద ఆనందానికి హద్దుల్లేవు. భర్తతో చెబితే, "ఐతారం దాక చూద్దాం తీ" అన్నాడు గాని, ముఖంలో నమ్మకం లేదు.

శనివారం రేషను దుకాణంలో గాసునూనె పోస్తున్నారని తెలిసింది. ఆ తోపులాటలోకి అవ్వను తీసుకుపోవడం కుదరదు, తలుపు తీసి ఒంటరిగా వదిలిపోవడమూ కుదరదు. ఇంటికి బయటనుంచి తాళం వేసింది నర్మద. చిన్నప్పుడు తనకు అమ్మవారు పోసినప్పుడు, కూలి మానుకొని తన పక్కనుంచి కదలకుండా కూర్చున్న తల్లికి తను తాళం వేస్తోంది!

సీసా నింపుకొని ఆదరాబాదరాగా వచ్చిన నర్మద, ఇంటి ముందు ఆగింది. లోపల తలుపు బాదుతున్న చప్పుడు. "అవ్వా, తలుపు తియ్యవే. నాకు భయమైతుంది," అని చిన్నపిల్లలా ఏడుస్తోంది ఐలవ్వ. ఎప్పుడో పోయిన తన తల్లిని పిలుస్తోంది. బయట గడప మీద, తలుపుకు వీపు ఆనించి చంద్రవ్వ కూర్చొని ఉంది.

"వస్తున్న బిడ్డా," అంటోంది చంద్రవ్వ. "పొయ్యి మీద రొట్టె ఉన్నది. అది కాలంగనే తలుపు తీస్త. ఏడువకు, నేను ఈడనే ఉన్న."

లోపలి చప్పుడు కాస్త తగ్గింది. నర్మదను చూసి చంద్రవ్వ లేచింది. "తాళం తియ్యి," అంది.

తాళం తీస్తుంటే నర్మదకు దుఃఖం పొంగుకొచ్చింది. "కట్టేసుకొమ్మన్నది నువ్వే గదక్కా..."

"అన్న. కోపంల అన్న. అనుడు అల్కగనే ఉంటది. గీ తలుపు చప్పుడు ఇనుడు మాత్రం నాతోని కాలే." చంద్రవ్వ తాళం వైపు చెయ్యి చూపింది. "నీతోని కాకపోతె మమ్ముల పిలువాలె గని తాళమేస్తవా? లైను నిండ ఆడోళ్లం లేమా?"

"ఏ ముఖం పెట్టుకొని పిలువాలక్కా? రేపు ఎట్లయిన తీస్కపోతడు. ఇగ మీకు పరేషాన్ ఉండదు."

చంద్రవ్వ గడప ముందరి ముగ్గు వంక చూసి వెళ్లిపోయింది.

ఆదివారం పొద్దున, షిఫ్టు దిగి రాజం వచ్చేలోగా తల్లి మూట కట్టడానికి కూర్చుంది నర్మద. రెండు చీరలు, ఒక దువ్వెన, బాపు కప్పుకున్న గొంగడి. గొంగడి మడతపెడుతూ దాన్ని ముఖానికి ఆనించుకుంది. తలెత్తి చూసేసరికి అవ్వ లేదు.

నర్మద బయటికి పరుగెత్తింది. అక్కడే ఆగిపోయింది.

పక్కింటి ముందు ఐలవ్వ ముగ్గు. దాని పక్కింటి ముందూ అదే. ఎదురు వరసలో సక్కుబాయి గడప ముందూ, ఆ చివర లస్మవ్వ గడప ముందూ అదే తామర, అదే ఎర్ర అంచు. చంద్రవ్వ ఇంటి ముందు చిలుకలు మరీ కాకుల్లా వచ్చాయి గాని, ముగ్గు మాత్రం అదే.

నర్మదకు ముందు కోపమే వచ్చింది. "అక్కా, గిదేం పని? అవ్వ యాడికో పోయింది. ఇగ ఆమెకు మా ఇల్లెట్ల దొరుకుతది?"

తన వాకిట్లో చేటతో బియ్యం చెరుగుతున్న చంద్రవ్వ తలెత్తలేదు. "ఎందుకు దొరకాలె? ఏ గడప తొక్కినా ఆమె ఇల్లే. తొక్కినకాడ ఇంత బువ్వ పెడ్తం, కూసుండవెడ్తం. పట్టాల దిక్కు పోకుంట లైనంత కండ్లే ఉంటయి. అందరికి చెప్పిన."

అప్పుడే షిఫ్టు దిగిన రాజం లైను మొదట్లో కనిపించాడు. ముఖం నిండా బొగ్గు, కళ్ల నిండా నిద్ర. ముగ్గు చూసి ఒక ఇంట్లో కాలు పెట్టబోయాడు, ఎవరో నవ్వితే వెనక్కి తగ్గాడు. ఇంకో గడప దగ్గర ఆగాడు, అదీ తనది కాదు. లైను మధ్యలో నిలబడి, అటూ ఇటూ చూస్తూ బిత్తరపోయాడు.

"రా బిడ్డా, బాయికెళ్లి వస్తున్నవా?" అని పిలుపు వినిపించింది. చంద్రవ్వ పొయ్యి ముందు పీట మీద ఐలవ్వ కూర్చొని ఉంది, ఇంటి యజమానురాలిలాగే. "కాళ్లు కడుక్కొని కూసో. బువ్వ తిను."

రాజం భార్య వంక చూశాడు, చంద్రవ్వ వంక చూశాడు, గడప గడపకూ ఉన్న ఐలవ్వ ముగ్గుల వంక చూశాడు. నల్లా దగ్గరికి పోయి కాళ్లు కడుక్కొచ్చి, అత్త ముందు కూర్చున్నాడు. "పెట్టత్తా," అన్నాడు. కొంచెం ఆగి, "మూట ఇప్పెయ్ నర్మదా. గొంగడి ఎండల వెయ్," అన్నాడు.

నర్మద కళ్లు మసకబారాయి. గుమ్మం బయటే నిలబడిపోయిన ఆమెను ఐలవ్వ ఎగాదిగా చూసింది.

"ఎవలు బిడ్డా నువ్వు?"

ఈసారి ఆ మాటకు నర్మద పొగ వెతుక్కోలేదు. "నీ బిడ్డనే అవ్వా," అంది.

"మరి బయట నిలవడ్డవేందే? గిది మన ఇల్లే. లోపలికి రా," అంది ఐలవ్వ.

నర్మద ముగ్గు చెరగకుండా కాలు ఎత్తి, చంద్రవ్వ గడప దాటి లోపలికి వెళ్లింది.