పన్నెండు సెంటీమీటర్లు

పొద్దున్నే టైలరు షట్టరు సగం ఎత్తాడో లేదో, బస్సు డ్రైవరు కొత్త చొక్కా చంకలో పెట్టుకుని వచ్చేశాడు.

“ఏం టైలరుగారూ, ఇది నాకు కుట్టారా, మా బుడ్డోడికి కుట్టారా? బొత్తాలు పెడితే ఊపిరాడటం లేదు!”

ఇరవై ఏళ్లలో ఒక్క చొక్కా తిరిగిరాని దుకాణం అది. “మీరే కాస్త ఒళ్లు చేశారేమో” అని టైలరు నవ్వేశాడు గానీ, డ్రైవరు వెళ్లగానే ముఖం చిన్నబోయింది. ఆ చొక్కాకి ఒంటికొలత పాత టేపుతో తీసి ఉన్నాడు. మర్నాడు దాని అంకెలు కనబడక కొత్తది కొని, గుడ్డ దాంతో కత్తిరించాడు. అనుమానం వచ్చి రెండింటినీ బల్లమీద పక్కపక్కన పరిచాడు. పాతది నాలుగు సెంటీమీటర్లు పొడుగుంది. వాడివాడి సాగిపోయింది. ఇన్నాళ్లూ ఒంటినీ గుడ్డనీ దాంతోనే కొలిచాడు గనక తప్పు బయటపడలేదు.

“ఓస్, ఇంతేనా!” అనుకున్నాడు పాపం.

లోపలి గదిలోంచి కూతురు కర్ర సాయంతో వచ్చింది. పదిహేనేళ్ల పిల్ల. నడక వచ్చిన దగ్గర్నుంచీ గెంతడమే పని గనక ఇంట్లో మిడత అంటారు. మోకాలికి ఆపరేషను జరిగి రెండు నెలలైంది. ఇక లాంగ్‌జంప్ మాట మరిచిపొమ్మని డాక్టరు చెప్పేశాడు.

ఆ పిల్ల రెండు టేపుల్నీ చాలాసేపు చూసింది.

“నాన్నా, బళ్లో ఇసకలో నేను దూకినప్పుడు కొలిచింది దీంతోనేనా?”

టైలరు తలూపాడు. ఆ రోజు ఆ ఒకటిన్నర మీటర్ల టేపుని మూడుసార్లు పూర్తిగా పరిచి, మిగిలింది కలిపితే నాలుగు మీటర్ల ఎనభై ఎనిమిది వచ్చింది. “జిల్లా జట్టు సెలక్షనుకి అయిదు కావాలి. పన్నెండు తక్కువ” అని తేల్చేశాడు. డ్రిల్లు మాస్టారు, “అయిదు దాటుతోందండీ, నేను కొలిచాను. పెరిగే ఒళ్లు, బళ్లోనే ఆడుకోనివ్వండి” అని మొత్తుకున్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ప్రైవేటు కోచింగులో చేర్చాడు. మొదటిరోజే అయిదు దాటేసరికి అదంతా కోచ్ మహిమే అనుకుని, ఒక పూట సాధనని రెండు పూటలు చేయించాడు. ప్రేమకి కళ్లుండవంటారు, ఈయనగారి ప్రేమకి చెవులు కూడా లేవు.

మిడత వేళ్లమీద లెక్కేసింది. “మూడు నాలుగులు పన్నెండు, మిగిలిన ముక్కకి ఇంకొకటి. మొత్తం అయిదు మీటర్ల ఒకటి. నాకు అప్పటికే వచ్చేసింది నాన్నా.”

ఇస్త్రీ చేస్తున్న తల్లి చేతిలో పని వదిలేసి వచ్చింది.

“చెప్పానా లేదా? మాస్టారు చెప్పారు, నేను చెప్పాను. నా టేపు అబద్ధం చెప్పదన్నారు! కోచ్, కోచ్ అని పిల్లని తీసుకెళ్లి కర్ర చేతికిచ్చి తీసుకొచ్చారు!”

“అది సాగిందని నాకేం తెలుసే? దాని మంచికే కదా...”

“అమ్మా, ఆగు” అంది మిడత. “టేపు సంగతి వదిలెయ్ నాన్నా. అది గుడ్డముక్క, సాగింది. కానీ మోకాలు నొప్పిగా ఉందని నీకు మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ ఓర్చుకోమన్నావు. నా మాట ఒక్కసారి నమ్మి ఉంటే సరిపోయేది.”

టైలరు మిషను ముందున్న స్టూలు మీద కూలబడ్డాడు.

“నమ్మాను తల్లీ” అన్నాడు. “మూడోసారి నమ్మాను. నువ్వు కుంటడం కూడా చూశాను. సెలక్షనుకి పదిరోజులే ఉంది కదా, ఆ తర్వాత డాక్టరుకి చూపిద్దామనుకున్నాను.”

తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్లూ కోచ్‌ని తిట్టింది, తలరాతని తిట్టింది. ఇప్పుడు వచ్చి కూతురి భుజం పట్టుకుంది.

“నాకు తెలుసు” అంది మిడత. “నువ్వు చూడటం నేను చూశాను. ఈ మాట ఎప్పుడు చెప్తావా అనే ఎదురుచూస్తున్నాను.”

టైలరు బావురుమన్నాడు. లేచి వచ్చి, కూతురి ముందు నేలమీద కూర్చున్నాడు.

“ఇప్పుడెలా ఉంది తల్లీ?”

ఆస్పత్రిలోనూ ఇంట్లోనూ ఎవరడిగినా రెండు నెలలుగా “పర్లేదు” అంటూ వచ్చిన పిల్ల అది. కంట తడి పెట్టగా ఎవరూ చూడలేదు.

“నొప్పెడుతోంది నాన్నా. చాలా నొప్పెడుతోంది” అని వెక్కివెక్కి ఏడ్చింది.

బయట ఎవరో పిలుస్తున్నారు. తల్లి వెళ్లి షట్టరు దించేసింది. టైలరు ఈసారి ఓర్చుకోమనలేదు. కూతురి కాలు మెల్లగా ఒళ్లోకి తీసుకుని, “ఎక్కడ తల్లీ, చూపించు” అన్నాడు.