పొడి గదిలో తడి కోటు

“మా బావని చంపింది మీరే సార్! మీ చేతులకి నెత్తురంటలేదు, అంతే తేడా.”

రిపోర్టు చీఫ్ టేబుల్ మీద పడి జారింది. దాన్ని విసిరిన ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్‌లో కొరివి అంటారు. ముట్టుకుంటే కాలుతుందని తెలిసి పెట్టిన పేరే.

“ప్రమాదం, కొరివీ. కాలు జారాడు, సీసా పగిలింది.”

“కాలు జారినవాడికి దెబ్బ నడినెత్తిన తగులుతుందా? ల్యాబ్ స్టోర్‌లోకి ఎవరో చొరబడుతున్నారు, కాపలా పెట్టండి అని మూడుసార్లు రాశాడు. మూడు కాగితాలూ మీ ట్రేలో నిద్రపోతున్నాయా?”

చీఫ్ రిపోర్టుని పక్కకి నెట్టాడు. ఇరుకున పడ్డ పెద్దలు చేసే పనే చేశాడు. బ్రీఫింగ్ మొదలెట్టాడు.

సరుకు టెల్లూరియం టెట్రాక్లోరైడ్. లేత పసుపు పొడి. చీకట్లో ఒంటి వేడిని పసిగట్టే సైనిక కెమెరాలకి పల్చటి పొరలు కావాలి. ఆ ల్యాబ్‌లో వాటికి ఇదే మూలసరుకు. ఫార్ములా నోటుబుక్ స్టోర్‌లోని ఇనప బీరువాలో ఉంది. విదేశీ ముఠా కన్ను దానిమీదే.

“తాళం?”

“మీ అక్క దగ్గర. డ్యూటీలోనే ఉంది.”

అక్క ఆ స్టోర్‌లోనే టెక్నీషియన్, బావలాగే. మొగుడు పోయింది మొన్ననే. ఆవిణ్ణి ఎరగా పెట్టారన్నమాట!

“భయపడకు, వజ్రం తోడుంది. ముఠాలో మనం నాటిన మనిషి. పొద్దున పదకొండుకి వాళ్లొస్తారని కబురు పంపింది. ఏసీ మెకానిక్‌లా వెళ్లు. కోడ్ వర్డ్, ‘గొడుగు మర్చిపోయాను.’”

బయట వాన దంచుతోంది. ఖాకీ చొక్కా, చేతిలో టూల్ బాక్స్, దాని అడుగున పిస్టల్.

స్టోర్‌ని అందరూ పొడి గది అంటారు. గొడుగులు, కోట్లు, తడి చెప్పులు గుమ్మం బయటే. ఆ పసుపు పొడికి తడి తగిలితే పూనకమే, యాసిడ్ పొగ కక్కుతుంది. కళ్లూ ఊపిరితిత్తులూ కాలిపోతాయి. ఒకసారి చిరిగిన గ్లౌజుతో పట్టుకున్నందుకు బావ నోరు రెండు వారాలు వెల్లుల్లి కంపు కొట్టింది. అక్క ఆయన మంచం వరండాలో వేసేసింది. “ఒంట్లో దూరితే ఇంతేరా, ఎన్నిసార్లు పళ్లు తోమినా పోదు” అని నవ్వేవాడు.

గుమ్మంలో వజ్రం నిలబడి ఉంది. ఎర్రటి లిప్‌స్టిక్, మోకాళ్లు దాటిన రెయిన్‌కోటు. ఇప్పుడే వ్యాన్‌లోంచి దిగినట్టుంది. చెవి దగ్గరికి వంగింది.

“గొడుగు మర్చిపోయాను.”

ఖరీదైన సెంటు. దాని కింద వెల్లుల్లి, అచ్చం బావ నోటి కంపు.

“మేడమ్‌గారూ, ఆ పొడిని ఎప్పుడైనా ముట్టుకున్నారా?”

“ఛీ! దాని రంగే నాకు తెలీదు.”

కొరివి చెయ్యి టూల్ బాక్స్‌లోకి పోయింది. ఆలస్యమైంది. పిస్టల్ గొట్టం అతని డొక్కలో గుచ్చుకుంది.

“మీ బావా ఇంతే. అడక్కూడనివి అడిగేవాడు. నడు.”

లోపల దున్నపోతులాంటి ముఠా డ్రైవర్. అక్క జుట్టు గుప్పిట బిగించి, గొంతు మీద కత్తి పెట్టాడు. అక్క పెదవి చిట్లి నెత్తురు కారుతోంది.

“తాళం తీయి,” అంది వజ్రం. “అయిదు లెక్కపెడతాను. నాలుగు మీ తమ్ముడికి, అయిదు నీకు. ఒకటి... రెండు...”

అక్క ఆమె కోటునే చూస్తోంది. చేతుల మీంచి చుక్కలు కారుతున్నాయి. తొమ్మిదేళ్ల సర్వీసులో తడి కోటుతో ఆ గదిలోకి అడుగుపెట్టినవాళ్లు లేరు.

“మూడు...”

“ఒరే తమ్ముడూ, ఊపిరి బిగబట్టు!”

పక్కనే తూకపు బల్ల మీద పసుపు పొడి సీసా ఉంది. డ్రైవర్ చూపు కొరివి మీదికి తిరిగిన క్షణంలో అక్క దాన్ని లాగి బల్ల అంచుకి కొట్టి కోటు మీదికి విసిరింది. బుస్సుమని తెల్లటి పొగ! పిస్టల్ పేలి గుండు సీలింగ్‌లో దిగింది. వజ్రం కళ్లు మూసుకుని కేకలు పెట్టింది.

కొరివి టూల్ బాక్స్ డ్రైవర్ దవడకి తగిలింది. రెండు పళ్లు రాలాయి. కత్తి కొరివి భుజాన్ని చీల్చింది. వాడి మణికట్టు పట్టి బీరువా అంచుకేసి బాదాడు, ఎముక పటుక్కుమనేదాకా. తర్వాత తల. వాడు కుప్పకూలాక, అక్కని గది బయటి వరండాలోకి ఈడ్చాడు.

ఆవిడ ముంజేతి నిండా పసుపు పొడి. ప్రమాదాలకని గోడకి పెట్టిన షవర్ గొలుసు కొరివి అందుకున్నాడు.

“ఆగరా! ముందు పొడిగుడ్డతో దులుపు. తర్వాత నీళ్లు ధారగా పొయ్యాలి. చిలకరిస్తే ఇంకా కాలుతుంది!”

దులిపాడు. గొలుసు లాగాడు. గొట్టం ఒకసారి దగ్గింది. ఒక సాలెపురుగు జారిపడింది. చుక్క నీరు లేదు.

అక్కని ఎత్తుకుని వానలోకి పరిగెత్తాడు. చూరు గొట్టం నుంచి నీళ్లు దూకుతున్నాయి. చెయ్యి దాని కింద పెట్టాడు.

“దాన్నీ లాక్కురా,” అంది అక్క, పళ్లు కొరుకుతూ. “గుడ్డిదైపోయి ఊరుకుంటే ఎలా? కోర్టులో నా మొహం చూడాలి.”

ఊపిరి బిగబట్టి ఇద్దర్నీ కాళ్లు పట్టి బయటికి, ఆ చూరు ధార కిందికి ఈడ్చాడు. ఫోన్ మోగింది. చీఫ్.

“కొరివీ! ఫార్ములా భద్రమేనా?”

అక్క ఎలా ఉందని అడగలేదు. అక్కే ఫోన్ లాక్కుంది.

“భద్రమే బాబుగారూ. తాళం నా కొంగున ఉంది. సాయంత్రం లోపల ఇక్కడ ప్రతి షవర్‌లో నీళ్లు రావాలి. మీరే రావాలి. ఆ గొలుసు మీ చేత్తో లాగి, కింద నిలబడి, సూటుతో సహా తడిసి చూపించాలి. అప్పుడిస్తాను తాళం. తువ్వాలు మాత్రం మీరే తెచ్చుకోండి.”