ఓడలో వచ్చిన తలుపు

జర్మనీలోని పాడర్‌బోర్న్ శివార్లలో ప్రవీణ అద్దెకున్న ఇంటికి ఓ గొప్ప ఉంది. హోల్ట్‌మన్ అనే ఆయన అక్కడే పుట్టి, అమెరికా వెళ్లి, చట్టసభలో బానిసల విడుదల కోసం పోరాడాడని గుమ్మం పక్కన ఇత్తడి ఫలకం చెబుతుంది. భోజనాలకొచ్చిన ఆఫీసువాళ్లకి మిగతా కథ ప్రవీణ చెప్పేది. పారిపోయి వచ్చిన బానిసలని ఆయన అక్కడ తన ఇంట్లో దాచేవాడట. వాళ్లని వెతుక్కుంటూ వచ్చిన బానిసల వేటగాడొకణ్ణి నేలమాళిగలోకి పంపి తాళం వేశాడట. వాడు మళ్లీ ఎవరికీ కనిపించలేదట. ముసలితనంలో తిరిగొస్తూ ఆ నేలమాళిగ తలుపుని ఓడలో తెచ్చి, ఈ ఇంటి కెల్లర్‌కి, అంటే ఇక్కడి నేలమాళిగకి, బిగించాడట.

"రత్నం, వీళ్లకి పప్పుచారు వెయ్యి," అనేది కథ మధ్యలో.

సీతారత్నాన్ని పిన్ని వరసని చెప్పి, విజిటర్ వీసా మీద కాకినాడ నుంచి తెచ్చుకుంది ప్రవీణ. వంటా గిన్నెలూ పాప పనీ అన్నీ ఆవిడవే. పాస్‌పోర్టు ప్రవీణ బీరువాలో, పడక కెల్లర్‌లో. పిన్నికి దక్కిన మర్యాద అది!

ఆ డిసెంబరు ఉదయం ఊరినుంచి ప్రవీణ ఫోన్‌కి కబురొచ్చింది. సీతారత్నం కాళ్లావేళ్లా పడింది.

"మా పిల్లకి నొప్పులొస్తన్నాయంటమ్మా. దగ్గర ఎవరూ లేరు. నన్ను పంపీండమ్మా."

"నీ వీసా ఎప్పుడో అయిపోయింది. బయటికెళ్తే పోలీసులు పట్టుకుంటారు. నీ మేలు కోసమే చెప్తున్నా."

ఆవిణ్ణి కెల్లర్‌లోకి నెట్టి తాళం వేసి, పాపని కీటా అనే పిల్లల బడిలో దింపి, నిక్షేపంగా ఆఫీసుకెళ్లింది. ఎంత రాతిగుండె!

సాయంత్రం పాప ఈషాతో తిరిగొచ్చేసరికే చీకటి పడిపోయింది. కెల్లర్ మెట్ల మీద తడిమట్టి వాసన. దాంతోపాటు చుట్ట వాసన. తాళం వేసింది వేసినట్టే ఉంది. తాళంచెవి తలుపుకే వదిలి లోపలికి దిగింది. మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది. మనిషి లేదు.

వెనక తలుపు మూసుకుంది. తాళం తిరిగింది.

"ఈషా! తలుపు తియ్!"

"నేను కాదు మమ్మీ... ఓపా వేశాడు."

ఓపా అంటే తాత. ఆ ఇంట్లో తాతలెవరూ లేరు.

పైన బరువైన బూట్లు... మెల్లగా... పక్కనే సీతారత్నం చెప్పుల చప్పుడు.

"రత్నం! పాస్‌పోర్టు ఇచ్చేస్తా! టికెట్ కొంటా!"

"పాస్‌పోర్టు ఆయన తీసిచ్చారమ్మా. పాపని పక్కింటి మామ్మకి అప్పజెప్పి ఎల్తన్నాను." చెప్పుల చప్పుడు గుమ్మం దగ్గర ఆగింది. "మిమ్మల్ని వదలమని బతిమాలానమ్మా... మీ మేలు కోసమేనన్నారు. తెలుగులోనే అన్నారు."

వీధి తలుపు మూసుకుంది. ప్రవీణ అరిచింది. తలుపు గుద్దింది. గోళ్లు విరిగాయి. గొంతు పోయేదాకా అరిచింది...

లైటు ఆరిపోయింది.

చీకట్లో, మంచం అవతల, ఎవరో గొంతు సవరించుకున్నారు. బొంగురు గొంతు. ఇంగ్లీషులో, ఎంతో సానుభూతిగా అడిగింది.

"నీ మనిషి కూడా పారిపోయిందా?"