నాలుగు వందల పదిహేడో నంబరు

ఆ పాలషెడ్డు వెనక గేటంటే మీసాలున్న మగాళ్ళు కూడా చుట్టు తిరిగి పోయేవాళ్ళు. అక్కడ మనిషికి రెండు నీడలు పడతాయనేవాళ్ళు. నేను మాత్రం మూడనే విన్నాను.

గేటు తెలివైనదే. ప్రతి ఆవు చెవికీ రేడియో చిప్పున్న ట్యాగు. ఆవు దగ్గరికొస్తే పక్కనున్న పెట్టె కుయ్యిమంటుంది, తెరమీద నంబరు పడుతుంది, తలుపు తెరుచుకుంటుంది. అవతల దూడల కొట్టం.

ఓ వారం 417 నంబరు ఆవు చచ్చిపోయింది. పాడు అంటురోగం. "దూడలకి గానీ సోకిందా, మందంతా తుడిచిపెట్టుకు పోతుంది," అని పశువుల డాక్టరు మరీమరీ చెప్పి వెళ్ళాడు. చచ్చిన ఆవు చెవి కోసి ట్యాగు అప్పగించాలని రూలు. పాలుపితికే మామకి చెయ్యి రాలేదు. తన చేతిమీద పెరిగిన ఆవు మరి. పెళ్ళాంతో కలిసి చెవితో సహా పూడ్చేశాడు.

మూడోనాడు తెల్లవారుజామున పితకడానికి లేచాడు. కాటుక భరిణెలో దూరినంత చీకటి.

కుయ్...

తెరమీద — 417.

తలుపు తెరుచుకుంది. నడుమెత్తు గోడపైన ఆవు వీపు కనబడాలి. ఏమీ లేదు.

"ఏమేవ్... చచ్చింది వచ్చిందే," పెళ్ళాం చెవిలో గొణిగాడు.

"వస్తే రానీ. రెండు లీటర్లిస్తుందేమో చూడు," అంది ఆవిడ. చేతిలో బకెట్టు మాత్రం గడగడలాడుతోంది.

కొట్టంలోంచి చప్పుడు... చప్, చప్... నాకుతున్నట్టు.

"తన దూడకోసం వచ్చింది. తీసుకుపోతుందే దాన్ని."

"అయితే నాకు చెప్తావేం? పోయి అడ్డుపడు."

కాళ్ళు వెనక్కి, మనిషి ముందుకి... ఎలాగో గేటుదాకా చేరి టార్చి వేశాడు.

కాపలా కుక్క. మూతినిండా మట్టి. దూడ మూతిని ప్రేమగా నాకుతోంది.

ఆవిడ నవ్వు నాలుగు ఊళ్ళకి వినబడుంటుంది. "నీ దెయ్యానికి తోకుందయ్యా."

మామా నవ్వాడు. కొండంత బరువు దిగింది. ఈల వేసి పిలిచాడు. కుక్క తోకూపుతూ గేటు దాటింది —

కుయ్... 417.

ఇద్దరూ కుక్క మూతిమీది మట్టి వంక చూశారు.

డాక్టరు ఆరడుగులు తవ్వమంటే, రాయి తగిలిందని మొగుడూ పెళ్ళాం మోకాలిలోతులో ఆపేశారు. తోడి తిన్నది కుక్క. చెవి, ట్యాగు దాని కడుపులో ఉన్నాయి.

ఆవిడ తెరమీద పాత నంబర్లు వెనక్కి జరిపి చూసింది. నిన్న రాత్రీ 417. మొన్న రాత్రీ 417.

కొట్టంలో నలభై దూడలు, నాకించుకోడానికి అలవాటుపడ్డట్టు, మూతులు చాపి నిలబడున్నాయి.

మామ అక్కడే కూలబడ్డాడు. "దెయ్యమే అయ్యుంటే ఎంత బాగుండేదే..." అన్నాడు.