వాగు దాటాక ఎనిమిదిమంది

మా క్యాంపుకీ మాసాయి గూడేనికీ మధ్య ఒక ఎండువాగు ఉంది. పగలు చూస్తే భయపడాల్సిందేమీ ఉండదు. ఇసుక, నాలుగు పసుపుబెరడు తుమ్మచెట్లు, ఒడ్డున సగం మట్టిలో కూరుకుపోయిన పాత వ్యాను డొక్కు. పొద్దుగూకితే మాత్రం ఈ చుట్టుపక్కల ఏ డ్రైవరూ అక్కడ బండి నెమ్మది చెయ్యడు.

ఎప్పుడో వరదలో ఆ వ్యాను కొట్టుకుపోయిందట. అందరూ బయటపడ్డారట… ఒక్క మనిషి తప్ప. సఫారీకి వచ్చిన ఆవిడెవరో. పాపం, సింహాన్ని చూడలేదు, క్యాంపు చేరలేదు, రాత్రి భోజనం తినలేదు. అందుకని ఇప్పటికీ ఆ వాగులో బండి ఆగితే చాలు — చప్పుడు చెయ్యకుండా ఎక్కి కూర్చుంటుందట. ఎవర్నీ ఏమీ అనదట. ఖాళీ సీటు చూసుకుని సర్దుకుంటుందట.

నేను నమ్మను. నా పేరు కెముంతో. మాది కిసీ వైపు. పదకొండేళ్ళుగా ఈ క్యాంపులో వంట చేస్తున్నాను. మాది చవక సఫారీ. దెయ్యాలు నిజంగా ఉంటే మా యజమాని వాటికి కూడా రెండు గుడారాలు వేసి, ముగ్గురికొకటి చొప్పున సర్దేసి ఉండేవాడు.

జరిగింది జరిగినట్టు చెబుతాను. సగం మా డ్రైవరు క్యాలో చెప్పింది, సగం నేను కళ్ళారా చూసింది.

క్యాలో కంబా తెగవాడు. మంచివాడు, కానీ విచిత్రమైన పిరికివాడు. ఏనుగు ఎదురొస్తే ఇంజను ఆపి నవ్వుతూ కూర్చుంటాడు. గుడ్లగూబ కూస్తే మాత్రం దుప్పటి ముసుగు తన్నేస్తాడు. పోయిన ఏడాది పార్కు గేటు దగ్గర మరుగుదొడ్డికెళ్ళిన బెల్జియం ఆయన్ని మర్చిపోయి వచ్చేశాడు. ఆయన రెండు గంటలసేపు బబూన్లతో కాలక్షేపం చేశాడు. యజమాని నైరోబి నుంచి ఫోన్ చేసి ఒకే మాట అన్నాడు. “ఇంకోసారి ఒక్కరు తగ్గినా తాళాలు బల్లమీద పెట్టి ఇంటికి పో.”

ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు, ముగ్గురూ హాస్టళ్ళలో చదువుతున్నారు. క్యాలో ఒక్కడి జీతమే ఆధారం. అప్పట్నుంచి అతనికి లెక్క పిచ్చి పట్టింది. బండి ఆగితే లెక్క, కదిలితే లెక్క. చీతా జింకని తరుముతుంటే అందరూ చీతాని చూస్తారు, ఇతను వెనక్కి తిరిగి తలలు చూస్తాడు.

అది జూలై, ఇక్కడ చలికాలం. ఎముకలు కొరికే చలి. బండిలో ఏడుగురు అతిథులు. ఒకరికొకరు తెలియనివాళ్ళు, మూడు రోజులుగా మోకాలికి మోకాలు ఆనించుకుని తిరుగుతున్నారు. ఆఖరి సాయంత్రం మాసాయి గూడెం చూడ్డానికి తీసుకెళ్ళాడు క్యాలో. ఆవులు ఇంటికొచ్చే వేళ. మోరాన్లు, అంటే మాసాయి యోధులైన కుర్రాళ్ళు, నిలువుగా గెంతారు, అతిథులూ గెంతారు. ఒకాయన ప్యాంటు పిగిలింది. తర్వాత ఇళ్ళల్లోకి దూరి పొయ్యి దగ్గర కూర్చున్నారు. చలికి తట్టుకోలేక అందరూ శుకాలు, అంటే ఆ ఎర్రగళ్ళ దుప్పట్లు, కొని తలమీంచి కప్పుకున్నారు. అప్పటికే చీకటి పడిపోయింది.

ముళ్ళకంచె గుమ్మం దగ్గర క్యాలో అలవాటుగా వేలెత్తాడు. “ఒకటి… రెండు…”

గూడెంలో అతిథుల్ని తిప్పి చూపించే కోయినెట్ గబుక్కున ఆ వేలు పట్టుకున్నాడు.

“అన్నా! ఏం పని ఇది? మనుషుల్ని ఎవరైనా లెక్కపెడతారా? మా నాన్న చూశాడంటే నీ వేలు విరిచేస్తాడు.”

“మరి మీ ఆవు తప్పిపోతే ఎలా తెలుస్తుందిరా?”

“మొహాలు చూస్తే తెలుస్తుంది, ఎవరు రాలేదో. మీవాళ్ళ మొహాలు నీకు తెలీవా?”

“అందరూ ఎర్రగానే ఉన్నారు కదరా, ఏం తెలుస్తుంది!”

“వేలెత్తి లెక్కపెట్టడం మంచిది కాదన్నా. వద్దన్నానా… వద్దు. పోయిరా.”

పెద్దవాళ్ళు చూస్తున్నారు. క్యాలో వేలు జేబులో పెట్టుకుని, “అందరూ వచ్చారా?” అని అరిచాడు. “వచ్చాం!” అని బండి లోపల్నుంచి గుంపుగా అరిచారు. బండి కదిలింది.

కానీ ప్రాణం ఒప్పుకోదు కదా. గూడెం దాటి రెండు మలుపులు తిరగ్గానే ఆపి, లోపలి లైటు వేసి, అద్దంలో చూస్తూ లెక్కపెట్టాడు. ఎర్ర ముసుగులు… ఏడు. హమ్మయ్య అనుకుని లైటు ఆర్పాడు.

వాగు వచ్చింది.

వేగంగా దాటేద్దామనే దిగాడు. సరిగ్గా నడిమధ్యలో వెనక చక్రం ఇసుకలో దిగబడింది. ఇంజను మూలిగింది. చుట్టూ చీకటి… ఎక్కడో కప్ప ఒకటి అరిచి ఊరుకుంది.

“చలిగాలి కొడుతోంది, కాస్త తలుపు వేస్తారా?” అని వెనక నుంచి ఎవరో అన్నారు.

క్యాలో తిరిగి చూశాడు. తలుపు వేసే ఉంది.

ఇంకో నిమిషానికి చక్రానికి పట్టు దొరికింది. బండి ఎగిరి అవతలి ఒడ్డెక్కింది. క్యాలో చెమటలు తుడుచుకుంటూ లైటు వేసి, అద్దంలోకి చూశాడు.

ఒకటి, రెండు, మూడు… ఏడు.

ఎనిమిది.

కళ్ళు నులుముకున్నాడు. ఈసారి వెనక నుంచి ముందుకు లెక్కపెట్టాడు. ఎనిమిది. అందరూ ముసుగులు తన్ని ఊగుతూ నిద్రపోతున్నారు. ఎవరి మొహమూ కనిపించదు.

నేను చపాతీలు కాలుస్తుంటే ఫోన్ మోగింది.

“అక్కా…” గొంతు పిల్లి పట్టిన ఎలకలా ఉంది. “అక్కా, నా బండిలో ఎనిమిదిమంది ఉన్నారు.”

“అయితే ఇంకో నాలుగు చపాతీలు చేస్తాలే.”

“అది కాదక్కా. వాగుకి ముందు ఏడుగురే. వాగు దాటాక… ఎనిమిది.”

“పొద్దున్న ఏం తాగావు?”

“టీ అక్కా. నువ్విచ్చిన టీయే.”

“అయితే మళ్ళీ లెక్కపెట్టు.”

“పెట్టను! ఇంకా పెరుగుతారేమో!”

ఫోన్ తెగిపోయింది. నేను ఒక్కదాన్నే పొయ్యి ముందు పగలబడి నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో డ్రైవర్లందరికీ తెలుసు. ఆగకూడదు, పలకరించకూడదు, మనుషులున్న చోటికి పోవాలి. క్యాలో స్టీరింగు మీద వాలిపోయి తోలుతున్నాడు. క్యాంపు మలుపు దగ్గరికి వచ్చేసరికి… వెనక నుంచి ఒక చెయ్యి అతని భుజం మీద పడింది.

ఎండిపోయిన చెయ్యి. చల్లటి వేళ్ళు. పూసల గాజులు గలగలమన్నాయి. చెవి పక్కనే ఏదో గొంతు, అర్థంకాని భాషలో, ఒకే మాట… మళ్ళీ మళ్ళీ.

క్యాలో ఉన్న దేవుళ్ళందర్నీ పిలుస్తూ బండి పరిగెత్తించాడు. ఆ చెయ్యి మొదట తట్టింది, తర్వాత గుద్దింది, చివరికి నెత్తిమీద మొట్టికాయలు వెయ్యడం మొదలెట్టింది. దెయ్యం మొట్టికాయలు వేస్తుందని ఎవరూ చెప్పలేదే అనుకున్నాడట, అంత భయంలోనూ.

క్యాంపులోకి బండి వచ్చిన తీరు నేను చూశాను. నీళ్ళ పీపాని గుద్ది ఆగింది. క్యాలో దూకి, నా వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి, పిండి బస్తా వెనక నక్కాడు. ఎర్ర ముసుగులన్నీ ఆవలిస్తూ దిగి, చీకట్లో ఎవరి గుడారాలకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఒక్క ముసుగు మాత్రం కర్ర టకటకలాడిస్తూ నేరుగా నా వంటింటికే వచ్చింది.

“అక్కా, వస్తోంది… అక్కా, తలుపు వెయ్యి…”

మా కాపలాదారు సిరోంకా టార్చి వేశాడు. ముసుగు తీసింది చూడండి, బోసినోటి మాసాయి అవ్వ. చెవులకి బరువైన పూసలు, చేతిలో కర్ర, నోట్లో తిట్లు. సిరోంకా కడుపు పట్టుకుని నవ్వాడు.

“ఏమంటోందిరా?” అన్నాను.

“కూతురింటికి పోదామని గూడెంలో ఎక్కి కూర్చుందట. మలుపు దగ్గర దింపమని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టిందట. నీకున్నవి చెవులా, తలుపు పిడులా అని అడుగుతోంది క్యాలోని. ఇంకా చాలా అంది గానీ… అవి నా నోటితో చెప్పలేను.”

గూడెంలో ఆగిన ఏ బండైనా తమ కోసమే ఆగిందని ఇక్కడి అవ్వల నమ్మకం. ఎవరినీ అడగరు, ఎక్కుతారు. క్యాలో బస్తా వెనక నుంచి మెల్లగా లేచాడు. ఒళ్ళంతా పిండి. ఇప్పుడు అతనే దెయ్యంలా ఉన్నాడు.

“ఏడుగురు… అవ్వతో ఎనిమిది!” అంటూ నేలమీద కూలబడి నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. “గూడెం బయట ఏడే వచ్చాయంటే, మొదటిసారి నా లెక్కే తప్పయ్యుంటుంది.”

అవ్వకి పాలటీ ఇచ్చి కూర్చోబెట్టాను. కూరా, ఉగాలీ అనే మొక్కజొన్న ముద్దా, చపాతీలు బల్లమీద పెట్టి, ఏడు కంచాలు వేశాను. గుడారాల్లోంచి ఒక్కొక్కరే వచ్చారు, తిన్నారు. ఒక కంచం అలాగే ఉండిపోయింది.

“ఇర్మా ఏది?” అన్నాను.

ఇర్మా ఫిన్లాండావిడ. అరవై దాటిన మనిషి. ఒకప్పుడు నర్సు. మా మంచం మీద నిద్ర పట్టడం లేదని రోజూ తెల్లవారకుండానే కాఫీకి నా పొయ్యి దగ్గరికి వచ్చేది. సిరోంకా వెళ్ళి చూస్తే గుడారం ఖాళీగా ఉంది.

“నా పక్కనే కూర్చుంది కదా,” అన్నాడు ప్యాంటు పిగిలినాయన. “ముసుగేసుకుని, ఒక్క మాట మాట్లాడకుండా. ఆవిడే అనుకున్నాను.”

క్యాలో మొహంలో రక్తం లేదు. దెయ్యం సంగతి ఎప్పుడో మర్చిపోయాడు. చెయ్యి తనంతట తనే జేబులోకి వెళ్ళి బండి తాళాలు పట్టుకుంది. “అయిపోయింది అక్కా,” అన్నాడు. “పిల్లల్ని బడి మాన్పించాలి.” నా కళ్ళ ముందు పదేళ్ళుగా తిరిగిన మనిషి.

అప్పుడు ఫోన్ మోగింది. కోయినెట్.

“అన్నా, మీ తెల్ల పెద్దమ్మ మా అమ్మ ఇంట్లో ఉంది. పొయ్యి పక్కన ఆవుతోలు మంచం మీద పడి నిద్రపోయింది. నిద్రపోయే అతిథిని లేపకూడదని మా అమ్మ శుకా కప్పి ఊరుకుందట. ఇప్పుడు చెప్పింది నాకు. గట్టిగా మాట్లాడకు, లేస్తుంది.”

క్యాలో వెంటనే బయల్దేరాడు, కానీ ఒంటరిగా కాదు. నా చెయ్యి పట్టుకుని లాగితే నేనూ ఎక్కాను. మలుపు దగ్గర అవ్వని దింపాం. కూతురు దీపం పట్టుకుని ఎదురొచ్చింది. దిగేముందు అవ్వ క్యాలో నెత్తిమీద ఆఖరి మొట్టికాయ వేసి, లోపలికి వెళ్ళిపోయింది. వాగుని ఊపిరి బిగబట్టి ఒక్క దూకులో దాటేశాడు క్యాలో.

ఇర్మా టీ గ్లాసు చేత్తో పట్టుకుని, పొయ్యి దగ్గర కోయినెట్ వాళ్ళమ్మతో కబుర్లు చెబుతోంది. ఒకరి భాష ఒకరికి రాదు, ఇద్దరూ నవ్వుతున్నారు. క్యాలో తలొంచుకుని క్షమాపణలు మొదలెట్టాడు.

“ఎందుకు నాయనా?” అంది ఇర్మా. “మూడు రోజుల తర్వాత ఇవాళే నిద్రపోయాను. నిద్రపోయింది నేను. దీన్ని మీ యజమానికి చెప్పడం దేనికి? నేను చెప్పను. మిగతావాళ్ళ చేత కూడా చెప్పనివ్వను.”

క్యాలో ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో ఇర్మా వెనక వరసలో కాళ్ళు చాపుకుని ముసుగేసుకుంది. ముందు సీట్లో క్యాలో, నేను. క్యాలో హుషారుగా చర్చి పాట ఎత్తుకున్నాడు. నేను ఊరికే కూర్చోలేని మనిషిని. ఇన్నేళ్ళూ కంచాలు లెక్కపెట్టిన అలవాటు, బుర్ర దానంతటదే లెక్కలు వేస్తోంది.

“క్యాలో… గూడెం బయట ఎంతమంది అన్నావు?”

“ఏడుగురు.”

“వాగు దాటాక?”

“ఎనిమిది. చెప్పాగా అక్కా. మనవాళ్ళు ఏడుగురు, అవ్వ.”

“ఇర్మా అప్పుడు గూడెంలో నిద్రపోతోంది కదరా. అంటే మనవాళ్ళు ఆరుగురే.”

పాట ఆగింది.

“ఆరుగురు… అవ్వతో ఏడు,” అన్నాడు మెల్లగా. “అంటే గూడెం బయట నా లెక్క సరిగ్గానే ఉంది… మరి ఆ ఎనిమిదో…”

ఈ మాటల్లో పడి బండి ఎక్కడుందో ఇద్దరం చూసుకోలేదు. క్యాలో కాలు తడబడింది. ఇంజను ఒక్కసారి దగ్గి, ఆగిపోయింది. దీపాల వెలుగులో ముందంతా ఇసుక. పక్కన సగం పూడిన వ్యాను డొక్కు.

తాళం తిప్పాడు. అంటుకోలేదు. మళ్ళీ తిప్పాడు… అంటుకుంది. ఒడ్డెక్కాం. అతని చెయ్యి లైటు వైపు వెళ్ళబోతే గట్టిగా పట్టుకున్నాను.

“లెక్కపెట్టకు,” అన్నాను. దెయ్యాల్ని నమ్మని నేను.

క్యాలో గేరు మార్చి బండి ముందుకి దూకించాడు. తర్వాత వెనక నుంచి ఇర్మా గొంతు, నిద్రమత్తుగా, ఎంతో మర్యాదగా…

“కెముంతో, ఈవిణ్ణి కాస్త అటు జరగమని చెప్పవా? నా కాళ్ళ మీద కూర్చుంది.”