ఆరో వంతు రొద

చంద్రుడి మీద గాలి ఊరికే దొరకదు. కంప్రెసర్లు రాత్రింబవళ్ళు తిరుగుతుంటేనే పీల్చుకోవడానికి నాలుగు పీల్పులు. ఆ హోరు వల్లే 2091 నాటికి అక్కడి తెలుగు కాలనీలో సగంమందికి కర్ణనాదం, అదే, టిన్నిటస్. బయట ఏ చప్పుడూ లేకపోయినా చెవిలో ఒకటే కూత. కంప్రెసర్ హాల్లో ఇరవై ఏళ్ళు పనిచేసిన హైమకి తగ్గిందనుకున్న ఆ కూత మళ్ళీ మొదలై ఇరవై రోజులైంది. కంటి మీద కునుకు లేదు. ప్రాణం విసిగిపోయి డాక్టర్ సలీమా ఎదుట కుర్చీలో కూలబడింది.

"నా పట్టీ పాడైందేమో చూడండమ్మా. ఇంకో వారం ఇలాగే ఉంటే నాకు పిచ్చెక్కిపోద్ది."

నాడీపట్టీ అంటే చెవి వెనక అతికించుకునే చిన్న స్టిమ్యులేటర్. మెదడు పుట్టించే కూతని ఒక్క మనిషిలోనే అణచడం ఎవరి వల్లా కాలేదు. దాన్ని ఆరు వాటాలు వేసి, ఆరుగురు దగ్గరివాళ్ళ శ్రవణనాడులకు పంచితే మాత్రం రోగికి నిశ్శబ్దం. పంచుకున్నవాళ్ళూ చెవి వెనక మీట ఉన్న పట్టీ పెట్టుకోవాలి; వాళ్ళకి దోమ రొద పాటి చప్పుడు, అంతే. హైమ కోసం మొగుడు, తమ్ముడు, తోడికోడలు కనకం, ముగ్గురు డ్యూటీ స్నేహితులు సంతోషంగా ఒప్పుకున్నారు. రెండేళ్ళు హాయిగా నిద్రపోయింది పాపం.

సలీమా నిట్టూర్చింది. "మీ పట్టీ బాగానే ఉంది హైమగారూ. అవతలి ఆరూ ఆపేసి ఉన్నాయి."

"ఆరూనా? మా ఆయన కూడా?"

"మీరు వస్తానన్నాక పొద్దున అందరికీ ఫోన్ చేసి అడిగాను. 'నాది ఆరో వంతేగా, ఇంకా ఐదుగురున్నారుగా' అన్నారు మీవారు. మిగతావాళ్ళదీ అదే మాట."

హైమకి ఒళ్ళు మండిపోయింది. "ఎంత మోసం! కనకం అక్కకి నేను చేసిన చాకిరీ ఇంతా అంతానా? ఇంటికెళ్ళి ఒక్కొక్కళ్ళనీ కడిగిపారేస్తాను."

సలీమా తెర ఇటు తిప్పింది. కనకానికీ కర్ణనాదమే. ఆమె కూతను పంచుకున్న ఆరుగురి జాబితాలో హైమ పేరుంది. ఎదురుగా, ఆపేసిన తేదీ. ఐదు నెలల కిందటిది.

"ఆ రోజు ఒళ్ళు హూనమైపోయి ఉన్నానమ్మా. ఒక్క పూటేగా అనుకున్నా. తర్వాత మర్చిపోయా."

మర్చిపోలేదు. ఆ దోమ రొద లేకపోతే ప్రాణానికి సుఖంగా ఉంది. అది తనకీ తెలుసు, అందుకే సిగ్గేసింది.

"పోనీ, ఇప్పుడు వేస్తారా? ఎవరో ఒకరు మొదలుపెడితే..." సలీమా గొంతులో ఆశ కంటే అలసటే ఎక్కువగా ఉంది.

హైమ వేలు చెవి వెనక ఉన్న మీట దాకా వెళ్ళి ఆగిపోయింది. తల పగిలిపోతోంది.

"వేస్తానమ్మా, వెయ్యకేం! ముందు నాది కాస్త తగ్గనివ్వండి. కనకం అక్కని వెయ్యమనండి, ఆ వెంటనే నేనూ వేస్తాను."

"పొద్దున కనకంగారూ ఇదే అన్నారు" అంది సలీమా.